యాడున్నవ్ బిడ్డా?

చివ్వెంలలో అమ్మ పది అంకెలు నొక్కింది. కొడుకు ఏ ఊళ్లో ఉన్నాడో ఆమెకు తెలీదు. ఆమె చేతిలోని సెల్‌ఫోనుకూ తెలీదు. అయినా నాలుగైదు సెకన్లలో ఎక్కడో షోలాపూర్ దగ్గర లారీ క్యాబిన్‌లో ఫోను మోగింది. మధ్యలో ఆ అబ్బాయిని వెతికి పట్టుకున్నది ఎవరు? అసలు వెతికారా?

సూర్యాపేట జిల్లా చివ్వెంలలో ఓ ఇల్లు. రాత్రి తొమ్మిదయింది. ఆ ఇంటి అబ్బాయి మిర్యాలగూడ బియ్యం లోడుతో పొద్దున్నే పుణెకు బయల్దేరాడనుకుందాం. అన్నం ముందు కూర్చున్న తల్లికి ముద్ద దిగడం లేదు. ఫోను తీసి నొక్కింది. 'మీరు డయల్ చేసిన నెంబరు ప్రస్తుతం కవరేజి ఏరియాలో లేదు' అంది ఓ గొంతు. గుండె గుభేల్‌మంది. హైవే పక్కన బతికే ఊళ్లలో ఆ ఒక్క మాటకు ఎన్ని అర్థాలు తోస్తాయో వేరే చెప్పాలా!

పావుగంట ఆగి మళ్లీ చేసింది. ఈసారి మోగింది. ''యాడున్నవ్ బిడ్డా? బువ్వ తిన్నవా?''

''షోలాపూర్ వస్తున్నదమ్మా. ఇప్పుడే ధాబా కాడ ఆగినం.''

అంతే. ప్రాణం కుదుటపడింది. ఆ తల్లికి తెలియని సంగతి ఏంటంటే, 'యాడున్నవ్' అన్న ఆ ప్రశ్నను ఆమెకంటే ముందే ఇంకొకరు అడిగేశారు. జవాబు కూడా రాసి పెట్టుకున్నారు. ఆ రాసి పెట్టుకోవడమే మొబైల్ నెట్‌వర్క్ అసలు కిటుకు.

అడక్కముందే హాజరు

కాల్ రాగానే నెట్‌వర్క్ దేశమంతా గాలించి మన ఫోన్‌ను పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. మన దేశంలో మొబైల్ కనెక్షన్లు వంద కోట్లకు పైనే. ఒక్కో కాల్‌కూ దేశంలోని టవర్లన్నీ 'ఫలానా నెంబరు ఉన్నావా' అని అరవాల్సి వస్తే ఆ అరుపులకే సరిపోతుంది, మాటలకు చోటుండదు.

అందుకే పని తిరగేసి పెట్టారు. ఫోన్‌ను నెట్‌వర్క్ వెతకదు. ఫోనే తానెక్కడుందో ముందుగా చెప్పి పెడుతుంది. జేబులో ఊరికే పడి ఉన్నట్టు కనిపించినా అది చుట్టుపక్కల టవర్ల మాట వింటూనే ఉంటుంది. ప్రతి టవరూ తాను ఏ కంపెనీదో, ఏ ప్రాంతానిదో ఎడతెగకుండా చాటుతూ ఉంటుంది. ఒక ప్రాంతంలోని టవర్లను కొన్నింటిని కలిపి ఒక గుంపుగా కడతారు. దాన్ని 'లొకేషన్ ఏరియా' అంటారు. మన భాషలో 'వాడ' అనుకుందాం. వాడ మారనంత వరకూ ఫోను నోరు మెదపదు. ఒక టవరు నీడలోంచి పక్క టవరు నీడలోకి వెళ్లినా సరే. కొత్త వాడలో అడుగుపెట్టిందా, వెంటనే 'నేను ఇక్కడికొచ్చాను' అని కబురు పెడుతుంది.

ఒక్కో టవరు మారినప్పుడల్లా చెప్పొచ్చు కదా? చెబితే బ్యాటరీ తొందరగా ఖాళీ అవుతుంది, కబుర్లతోనే దారులు నిండిపోతాయి. అసలే చెప్పకపోతే వెతకడం కష్టం. వాడకోసారి చెప్పడమన్నది రెండింటికీ మధ్యేమార్గం.

ఇంటి చిట్టా... చుట్టాల చిట్టా

ఆ కబుర్లన్నీ రాసుకోవడానికి రెండు రకాల చిట్టాలుంటాయి. ఒకటి మనం కనెక్షన్ తీసుకున్న చోట ఉండేది. 'హోమ్ లొకేషన్ రిజిస్టర్' అంటారు. ఇది ఇంటి చిట్టా. మన నెంబరు, మన ప్లాను, మనం ప్రస్తుతం ఎవరి ఇలాకాలో ఉన్నామన్న సంగతి ఇందులో ఉంటాయి. రెండోది 'విజిటర్ లొకేషన్ రిజిస్టర్'. ఇది చుట్టాల చిట్టా. తమ ఇలాకాలోకి వచ్చిన ప్రతి ఫోను పేరూ, అది ఏ వాడలో ఉందో ఇందులో రాసుకుంటారు.

మన లారీ జహీరాబాద్ దాటి కర్ణాటకలోకి వెళ్లిందనుకోండి. అక్కడి టవరు చాటింపు కొత్తగా ఉంటుంది. ఫోను కబురు పెడుతుంది. అప్పుడది చెప్పేది పది అంకెల ఫోన్ నెంబరు కాదు. సిమ్‌కార్డులో దాగి ఉండే మరో అంకె. అది సాధారణంగా పదిహేను అంకెలుంటుంది. మొదటి మూడూ దేశానివి. మన దేశానికి 404, 405. ఆ తర్వాతివి కంపెనీనీ సర్కిల్‌నూ చెబుతాయి. దాన్ని చూడగానే కర్ణాటక నెట్‌వర్క్‌కు అర్థమైపోతుంది... ఈ చుట్టం ఆంధ్రప్రదేశ్ సర్కిల్ నుంచి వచ్చాడని. వెంటనే ఇంటికి కబురు: 'మీ వాడొకడు మా దగ్గరికొచ్చాడు. నిజంగా మీ వాడేనా?'

ఇక్కడో చిన్న పరీక్ష ఉంటుంది. ప్రతి సిమ్‌లోనూ ఓ రహస్య సంకేతం ఉంటుంది. అదే సంకేతం ఇంటి దగ్గరా ఉంటుంది. ఎప్పుడూ గాల్లోకి రాదు. ఇంటి నెట్‌వర్క్ ఓ పెద్ద అంకెనూ దాని జవాబునూ పంపుతుంది. కర్ణాటక నెట్‌వర్క్ ఆ అంకెను సిమ్‌కు ఇచ్చి లెక్క చేయమంటుంది. జవాబు సరిపోతే చుట్టం అసలైనవాడే. చుట్టాల చిట్టాలో పేరెక్కుతుంది. ఇంటి చిట్టాలో 'ప్రస్తుతం కర్ణాటక' అని మారుతుంది. పాత చోట ఉన్న పేరు కొట్టేస్తారు.

రాష్ట్రం దాటగానే సెల్‌కు 'స్వాగతం' అంటూ మెసేజి వస్తుంది గుర్తుందా? విసుగ్గా డిలీట్ చేసేసే ఆ మెసేజికి అర్థం ఇదే. మీ పేరు చుట్టాల చిట్టాలోకి ఎక్కిందని.

నాలుగు సెకన్లలో...

ఇప్పుడు అమ్మ కాల్ సంగతి చూద్దాం. ఆమె నెంబరు నొక్కగానే ముందు తేలాల్సింది, ఆ నెంబరు ఏ కంపెనీదని. ఒకప్పుడు మొదటి నాలుగంకెలు చూస్తే తెలిసిపోయేది. 9440 అంటే మన బీఎస్‌ఎన్‌ఎల్ అని పిల్లలు కూడా చెప్పేవారు. 2011 జనవరి 20 నుంచి నెంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతటా వచ్చింది కాబట్టి ఇప్పుడు అంకెలను నమ్మడానికి లేదు. ఏ నెంబరు ఏ కంపెనీలో ఉందో చూసే జాబితా వేరే ఉంటుంది. అది చూసుకుని కాల్‌ను కొడుకు కంపెనీ గుమ్మం ముందుకు తెస్తారు.

ఆ ఎక్స్‌ఛేంజీ ఇంటి చిట్టాను అడుగుతుంది... 'మీ వాడు ఎక్కడ?' ఇంటి చిట్టా తిరిగి మహారాష్ట్రలోని చుట్టాల చిట్టాను అడుగుతుంది... 'మా వాడికి ఫోనొచ్చింది. ఏ దారిలో పంపమంటారు?' అక్కడి నుంచి ఓ తాత్కాలిక నెంబరు వస్తుంది. కొద్ది సెకన్లు బతికే నెంబరది. మనకెవరికీ కనబడదు. ఆ నెంబరు పట్టుకుని కాల్ మహారాష్ట్రకు చేరగానే దాని పని అయిపోతుంది. మరుక్షణం అదే నెంబరు ఇంకెవరి కాల్‌కో ఉపయోగపడుతుంది.

పాతకాలంలో ఊరు మారిన వాళ్లకు ఉత్తరమొస్తే పోస్ట్‌మాస్టరు కవరు మీద కొత్త చిరునామా రాసి తిప్పి పంపేవాడు గుర్తుందా... ఇదీ అంతే. కాకపోతే రెండ్రోజులు పట్టే పని రెప్పపాటులో అయిపోతుంది.

పెద్దగట్టు మైకు

కాల్ షోలాపూర్ దాకా వచ్చింది. ఫోను ఏ వాడలో ఉందో తెలుసు. ఆ వాడలోని ఏ టవరు కింద ఉందో మాత్రం తెలీదు. ఇప్పుడెలా?

దీనికి జవాబు చివ్వెంల మండలంలోనే ఉంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గొల్లగట్టు జాతర అనీ అంటారు. తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్ద జాతర ఇదే. 'ఓ లింగా' అంటూ లక్షల మంది గట్టెక్కుతారు. ఆ జనంలో మనిషి తప్పిపోతే ఎవరైనా ఏం చేస్తారు? గుడారం గుడారానికీ తిరగరు. మైకు దగ్గరికి పోతారు. 'ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానా వారు ఎక్కడున్నా మైకు దగ్గరికి రావాలి' అని చెప్పిస్తారు. మాట అందరికీ వినబడుతుంది. పేరున్నవాడు మాత్రమే లేచొస్తాడు.

మొబైల్ నెట్‌వర్క్ చేసేది సరిగ్గా ఇదే. దీన్ని 'పేజింగ్' అంటారు. ఆ వాడలోని టవర్లన్నీ ఒకేసారి ఓ పేరు పిలుస్తాయి. అదీ అసలు పేరు కాదు, దొంగలు పసిగట్టకుండా ఇచ్చిన మారుపేరు. అక్కడున్న ఫోన్లన్నీ వింటాయి. ఒక్కటే 'నేనే' అంటుంది. ఏ టవరు ద్వారా జవాబొచ్చిందో ఆ టవరు ఓ దారి కేటాయిస్తుంది. ఫోను మోగుతుంది.

అన్నట్టు, ఈలోగా అమ్మ చెవిలో వినిపించే 'ట్రింగ్... ట్రింగ్' కొడుకు ఫోను మోత కాదు. 'మోగుతోంది, ఆగండి' అని చెప్పడానికి ఎక్స్‌ఛేంజీ వినిపించే చప్పుడు. కాలర్ ట్యూన్లు వచ్చింది ఆ చప్పుడు స్థానంలోనే.

మరి జాతర రోజుల్లో అదే గట్టు మీద నిలబడితే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా కాల్ కలవదెందుకు? పేరు పిలవడం ఒక ఎత్తు, మాట్లాడటానికి దారి ఇవ్వడం ఒక ఎత్తు. 2జీలో ఒక్కో ఫ్రీక్వెన్సీని ఎనిమిది వంతులు చేసి పంచుతారు. ఒక టవరుకు అలాంటివి కొన్నే ఉంటాయి. 4జీ, 5జీలో సత్తా చాలా పెరిగినా వేల మంది ఒకేసారి ఒకే చోట ఫోను తీస్తే ఇరుకు తప్పదు. మేడారం లాంటి జాతరలకూ, పుష్కరాలకూ తాత్కాలిక టవర్లు తెచ్చి పెట్టేది అందుకే.

ఒకే రోడ్డు... మూడు సర్కిళ్లు

దురాజ్‌పల్లి మీదుగా పోయే 65వ నెంబరు జాతీయ రహదారికి ఓ తమాషా ఉంది. ఇటు కోదాడ, జగ్గయ్యపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం వరకూ వెళ్లండి. రాష్ట్రం మారుతుంది కానీ రోమింగ్ రాదు. 2014లో రాష్ట్రం రెండైనా మొబైల్ లైసెన్సుల లెక్కలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందే ఉండిపోయాయి. అదే రోడ్డు మీద అటు హైదరాబాద్, జహీరాబాద్, హుమ్నాబాద్, షోలాపూర్ మీదుగా పుణె వరకూ వెళ్లండి. ముందు కర్ణాటక సర్కిల్, తర్వాత మహారాష్ట్ర సర్కిల్. రెండుసార్లు రోమింగ్!

ఒకప్పుడు ఈ తేడా లారీ డ్రైవర్ల జేబుకు బాగా తెలిసేది. మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలిసింది. కలకత్తా నుంచి అప్పటి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది. వచ్చిన కాల్‌కూ డబ్బులే. 2003లో సొంత సర్కిల్లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. రోమింగ్‌లో మాత్రం కాదు.

ఎందుకని? చివ్వెంలలో అమ్మ చేసింది మామూలు కాల్. కొడుకు ఎక్కడున్నాడో ఆమెకు తెలీదు కాబట్టి దూరం తాలూకు ఖర్చు ఆమె మీద వేయడం న్యాయం కాదు. ఇంటి గుమ్మం దాకా అమ్మ ఖర్చు, అక్కణ్నుంచి లారీ దాకా కొడుకు ఖర్చు. అదీ లెక్క. 2007లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, రోమింగ్ ఇన్‌కమింగ్ నిమిషానికి రూపాయి 75 పైసలు మించకూడదంది. 2013లో దాన్ని 75 పైసలకు, 2015లో 45 పైసలకు దించింది. 2015 జూన్ 15 నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఉచితం చేసింది. 2017 నాటికి పెద్ద ప్రైవేటు కంపెనీలూ అదే దారి పట్టాయి.

అంతకుముందు సర్కిల్ దాటాక ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తకుండా కట్ చేసి, ఎస్టీడీ బూత్ కనిపించాక తిరిగి చేసిన వాళ్లెందరో. 'రెండుసార్లు మోగితే చేరినట్టు' అని ఇంట్లో ముందే ఒప్పందాలుండేవి. పైసా ఖర్చు లేకుండా క్షేమసమాచారం!

మాట మధ్యలో టవరు మారితే

లారీ కదులుతుండగా మాట్లాడితే? ఫోను తన టవరు బలంతో పాటు చుట్టుపక్కల టవర్ల బలాన్నీ కొలిచి చెబుతూ ఉంటుంది. 2జీలో అయితే సెకనుకు దాదాపు రెండుసార్లు. పక్క టవరు బలంగా ఉందనిపిస్తే అక్కడ ముందే ఓ దారి సిద్ధం చేసి, ఫోన్‌ను అందులోకి మారమంటారు. మాట తెగినట్టు కూడా తెలీదు. రిలే పరుగులో కర్ర అందుకున్నట్టే. అయితే ఒక సర్కిల్ నెట్‌వర్క్ నుంచి ఇంకో సర్కిల్ నెట్‌వర్క్‌లోకి ఈ అందిపుచ్చుకోవడం అన్నిచోట్లా కుదరదు. సరిహద్దుల్లో కాల్ ఠక్కున తెగిపోవడం వెనక కారణం చాలాసార్లు అదే.

స్విచాఫా? కవరేజి లేదా?

ఇక ఆ తల్లి గుండె గుభేల్‌మన్న మాట దగ్గరికి వద్దాం. ఫోను అందనప్పుడు వినిపించే మాటలన్నీ ఒకటి కావు.

మనం ఫోన్‌ను మామూలుగా స్విచాఫ్ చేస్తే, తెర ఆరిపోయే ముందు అది నెట్‌వర్క్‌కు 'సెలవు' చెబుతుంది. చిట్టాలో 'లేడు' అని గుర్తు పడుతుంది. ఆ తర్వాత ఎవరు కాల్ చేసినా మైకులో పిలవరు. చిట్టా చూసి వెంటనే 'స్విచాఫ్' అనేస్తారు.

లారీ ఘాట్‌లోనో, గుట్టల మధ్యో సిగ్నల్ లేని చోటికి పోతే? ఫోను సెలవు చెప్పలేదు. చిట్టాలో 'ఉన్నాడు' అనే ఉంది. మైకులో పిలుస్తారు. జవాబు రాదు. మళ్లీ పిలుస్తారు. కాసేపటికి 'కవరేజి ఏరియాలో లేరు' అన్న మాట వస్తుంది. నొక్కగానే కాకుండా కొన్ని సెకన్ల మౌనం తర్వాత ఆ మాట వినిపించేది ఇందుకే.

బ్యాటరీ ఒక్కసారిగా ఊడిపోయినా సెలవు చెప్పే వ్యవధి ఉండదు. అప్పుడూ 'కవరేజి లేదు' అనే వినిపించొచ్చు. ఎంతసేపని? దానికీ ఓ గడువుంది. కదలకుండా ఒకే చోట ఉన్నా సరే ఫోను అప్పుడప్పుడూ హాజరు చెప్పాలి. కంపెనీ పెట్టుకున్న గడువును బట్టి గంటకోసారో, కొన్ని గంటలకోసారో. ఆ హాజరు పడకపోతే చిట్టాలో 'లేడు' అని రాసేస్తారు.

ఏ సందర్భంలో ఏ మాట వినిపించాలన్నది కంపెనీని బట్టి కొంత మారుతుంది. కాబట్టి ఆ గొంతు చెప్పిన మాటే వేదవాక్కు కాదు. 'కవరేజి లేదు' అంటే ప్రమాదమని కాదు. 'ఆ వాడలో పిలిచాం, పలకలేదు' అని మాత్రమే. మన లారీ విషయంలో జరిగింది అంతే. రెండు ఊళ్ల మధ్య సిగ్నల్ లేని పావుగంట దారి.

తప్పిపోయిన వాళ్లను వెతికేటప్పుడు పోలీసులు 'చివరి టవరు' ఎక్కడని అడిగేదీ ఈ రికార్డుల ఆధారంగానే. ఒక్క మనిషి జాడ చెప్పే ఆ చిట్టా కాపాడుతుంది. తప్పుడు చేతుల్లో పడితే వెంటాడుతుంది కూడా. కంపెనీల మధ్య ఈ కబుర్లు నడిచే పాత సంకేత వ్యవస్థను అడ్డం పెట్టుకుని పరాయివాళ్లు ఫోను జాడ తీయొచ్చని 2014లో జర్మనీ పరిశోధకులు చూపించాక, కంపెనీలు కాపలా పెంచాల్సి వచ్చింది.

సముద్రం దాటితే

దేశాలు దాటినా సూత్రం ఇదే. దేశాల మధ్య రోమింగ్‌కు తొలి ఒప్పందం 1992లో ఫిన్లాండ్, బ్రిటన్ కంపెనీల మధ్య కుదిరింది. ఇప్పుడు సూర్యాపేట సిమ్ దుబాయ్‌లో దిగినా అక్కడి చుట్టాల చిట్టా ఇక్కడి ఇంటి చిట్టాను అడుగుతుంది. కాకపోతే ఓ వింత. దుబాయ్‌కి వెళ్లిన ఇద్దరు మిత్రులు ఇక్కడి సిమ్‌లతోనే పక్కపక్క గదుల్లోంచి మాట్లాడుకుంటే ఆ కాల్ మామూలుగా మన దేశానికి వచ్చి మళ్లీ దుబాయ్ వెళ్తుంది. చిట్టా ఇక్కడుంది మరి! బిల్లు కూడా ఆ ప్రయాణానికి తగ్గట్టే ఉంటుంది.

ఇంకో సంగతి. ఫోను చేసినవాళ్లకు అవతలి మనిషి ఏ దేశంలో ఉన్నాడో నెట్‌వర్క్ చెప్పదు. అమెరికా వెళ్లిన అల్లుడికి ఇక్కడ మిట్టమధ్యాహ్నం తీరిగ్గా ఫోను చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటాక మోగేది అందుకే!

4జీ, 5జీలు వచ్చాక చిట్టాల పేర్లు మారాయి. మాట కూడా ఇంటర్నెట్ డేటాలా ముక్కలుగా ప్రయాణిస్తోంది. తాత్కాలిక నెంబరు అవసరం చాలావరకు తప్పింది. అయినా హాజరు, చిట్టా, మైకు... ఈ మూడూ మారలేదు.

అందకపోతే ఇలా...

* వెంటవెంటనే పదిసార్లు చేయొద్దు. ఓ ఎస్‌ఎంఎస్ పంపండి. ఫోను అందుబాటులో లేకపోతే ఆ సంగతి ఇంటి చిట్టాలో గుర్తు పెట్టుకుంటారు. మళ్లీ హాజరు పడగానే మెసేజి సెంటర్‌కు కబురెళ్తుంది, మీ మెసేజి చేరుతుంది.

* డెలివరీ రిపోర్టు ఆన్‌లో పెట్టుకోండి. 'చేరింది' అని వస్తే ఫోను మళ్లీ సిగ్నల్లోకి వచ్చినట్టే.

* సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను టవరు కోసం గట్టిగా వెతుకుతుంది, బ్యాటరీ తొందరగా తగ్గుతుంది. దూరప్రయాణాల్లో ఛార్జరు తప్పనిసరి.

* బయల్దేరేటప్పుడే దారిలో ఆగే ఊళ్లు, తోటి ప్రయాణికుడి నెంబరు ఇంట్లో చెప్పి వెళ్లండి.

* ఆపదలో 112కు చేయండి. సొంత కంపెనీ సిగ్నల్ లేకపోయినా దగ్గర్లో ఉన్న మరో నెట్‌వర్క్ ద్వారా అత్యవసర కాల్ వెళ్లేలా మొబైల్ ప్రమాణాల్లోనే ఏర్పాటుంది.

కోట్ల చిట్టాలు, వేల టవర్లు, సెకన్లలో అడిగి తెలుసుకునే యంత్రాలు... ఇవన్నీ కలిసి చెప్పగలిగింది ఒక్కటే. ఫోను ఏ వాడలో ఉందో. అబ్బాయి అన్నం తిన్నాడో లేదో ఏ చిట్టాలోనూ ఉండదు. అది అమ్మ అడగాల్సిందే.